ముగ్గురమే ఉన్నాం, బొమ్మలు గీయడం ఎవరికీ రాదు. గేమ్ జామ్‌కు వెళ్లొచ్చా?

హనుమకొండలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నామని, ముగ్గురు అమ్మాయిలమని, రాత్రి ఎనిమిదిన్నరకల్లా హాస్టల్లో ఉండాలని రాశారు. ఇట్లా 48 గంటల జామ్, అంటే ఇచ్చిన థీమ్ మీద ఆ గడువులోనే ఒక కంప్యూటర్ ఆట తయారుచేసే పోటీ, చేయగలమా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. మూడేళ్ల కింద వరంగల్‌లో మేమూ సరిగ్గా ఇదే పరిస్థితిలో వెళ్లాం.

శుక్రవారం సాయంత్రం ఇచ్చిన థీమ్ ‘గొలుసు’. ఈ ఊరి పిల్లలం కాబట్టి మాకు వెంటనే గొలుసుకట్టు చెరువులు గుర్తొచ్చాయి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్లు వస్తాయి. వానాకాలమంతా కట్టలు తెగకుండా, పొలాలు ఎండకుండా చూసుకోవాలి. అదే ఆట.

ఆలోచన బాగానే ఉంది కానీ మొదటి రాత్రే పెద్ద తప్పు చేశాం. ప్రతి వాన చుక్కనూ విడిగా కదిలే వస్తువుగా రాశాం. మూడు వందల చుక్కలు పడేసరికి మా పాత లాప్‌టాప్ ఆగి ఆగి నడిచింది. శనివారం మధ్యాహ్నం దాకా దాన్ని బాగుచేస్తూనే కూర్చున్నాం. ఆఖరికి చుక్కలన్నీ తీసేసి, ఒక చెరువంటే ఒక అంకె అనుకున్నాం. అంకె పెరిగితే నీలం డబ్బా పైకి లేస్తుంది. అరగంటలో అయిపోయింది! అందుకే చెప్తున్నా, మొదటి నాలుగు గంటల్లో ఉత్త డబ్బాలతోనైనా సరే, గెలవడానికీ ఓడడానికీ వీలున్న ఆట చేతిలో ఉండాలి.

బొమ్మల గురించి టెన్షన్ పడకండి. మేము నాలుగు రంగులు, చతురస్రాలతోనే చేశాం. రూల్స్ ఒప్పుకుంటే కెన్నీ సైట్‌లో సీసీ0 లైసెన్స్ (ఎవరైనా ఎట్లాగైనా వాడుకోవచ్చనే అనుమతి) ఉన్న బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. 2013 గ్లోబల్ గేమ్ జామ్‌లో థీమ్‌గా ఒక గుండె చప్పుడు వినిపించారు. దాంతో 48 గంటల్లో పుట్టిందే సర్జన్ సిమ్యులేటర్ అనే ఆట. ఒక్కో వేలికి ఒక్కో కీ పెట్టి ఆపరేషన్ చేయించడమే అందులో అసలు సరదా. మీకూ అట్లాంటి ఒక్క సంగతి దొరికితే చాలు.

హాస్టల్ టైమ్ గురించి: కలిసి మాట్లాడుకుని తేల్చాల్సిన కోడ్ పగలు ల్యాబ్‌లో పెట్టుకోండి. శబ్దాలు, లెవెల్స్, రాతలు రాత్రి గదిలో చేసుకోవచ్చు. మేము బిందెలోంచి బకెట్‌లోకి నీళ్లు పోస్తూ ఫోన్‌లో రికార్డ్ చేశాం, అదే మా అలుగు చప్పుడు. రెండు రాత్రులూ కనీసం ఐదు గంటలు పడుకోండి. నిద్రమత్తులో రాసిన కోడ్ పొద్దున మళ్లీ రాయాల్సి వస్తుంది.

మా ఆటను నిజంగా నిలబెట్టింది మాత్రం శనివారం రాత్రి మెస్‌లో వండే పెద్దమ్మ. ఆమెది నర్సంపేట దిక్కు, పాకాల చెరువు కింద పొలం. లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి ఏమీ చెప్పకుండా ఊరుకున్నాం. మేము ప్రతి చెరువుకూ తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి), అలుగు అని రెండు బటన్లు పెట్టాం. ఆమె చూసి, “అలుగు మనం తెరిచేది కాదు బిడ్డా, చెరువు నిండితే దానంతటదే పారుతది. తెరిచేది తూమే” అంది. చెరువుల ఊళ్లో పెరిగి కూడా మాకది తెలియదు. అలుగు బటన్ తీసేశాం. ఆట సులువైంది, అప్పటిదాకా లేని భయం కూడా వచ్చింది: తూము ముందే తెరవకపోతే పై నుంచి వచ్చే నీళ్లను ఆపడం మన చేతిలో లేదు.

ఆదివారం సంగతి జాగ్రత్త. మేము ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడాట్ వాడాం. లాప్‌టాప్‌లో బాగా నడిచిన ఆట వెబ్‌కు ఎగుమతి చేస్తే రెండు బొమ్మలు మాయమయ్యాయి. ఫైల్ పేరులో పెద్దక్షరం ఉంది, కోడ్‌లో చిన్నక్షరం రాశాం. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, ఎగుమతి చేశాక పట్టించుకుంటుంది. ఆటలు పెట్టే సైట్ ఇచ్ డాట్ ఐఓకు ఎక్కించే జిప్‌లో మొదటి ఫైల్ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే ఉండాలి. ఈ రెండింటికే గంటకు పైగా పోయింది. జామ్‌కు వారం ముందే ఒక్క డబ్బా కదిలే ఆట చేసి, అప్‌లోడ్ దాకా ఒకసారి పూర్తి చేసి చూసుకోండి.

మాకు ప్రైజ్ రాలేదు. ఆ ఆటను మాత్రం పెద్దమ్మ తన మనవడికి ఫోన్‌లో చూపించింది. శనివారం రాత్రికి మీ దగ్గర ఆడి చూసేవాళ్లు ఎవరూ లేకపోతే ఇక్కడే లింక్ పెట్టండి, నేను ఆడి చెప్తాను.