'సృష్టించాడు' అనవచ్చా?

సందేహం: క్రీస్తు జీవితాన్ని చూపే చిత్రాలతో ఎగ్జిబిషన్ పెడుతున్నాం. ఒక్కో చిత్రం కింద 'దీన్ని సృష్టించినవారు ఫలానా' అని కార్డు రాశాను. మా పాస్టరుగారు చూసి, 'సృష్టి దేవుడిదమ్మా, మనిషిది కాదు, ఆ మాట తీసేయండి' అన్నారు. 'గీసినవారు' అని మారిస్తే తమ పని చిన్నబోతుందని చిత్రకారులు అంటున్నారు. మధ్యలో నాకు టెన్షన్‌గా ఉంది. ఏది సరైన తెలుగు?
– ఒక పాఠకురాలు

సమాధానం: వ్యాకరణం వరకే అయితే జవాబు ఒక్క ముక్కలో తేలిపోతుంది. 'సృష్టించాడు' తప్పు కాదు. ఆ మాట తెలుగులో ఎప్పుడో మనుషుల పనులకు కూడా దిగివచ్చింది. ఆటగాడు రికార్డు సృష్టిస్తాడు, ఒక పుకారు అలజడి సృష్టిస్తుంది. వీటికి లేని అభ్యంతరం చిత్రకారుడి దగ్గర మాత్రం ఎందుకు?

అలాగని మీ పాస్టరుగారి మాటను తోసెయ్యలేను. ఆ మాట వినగానే ఆయన చెవిలో బైబిలు మొదటి వాక్యం మోగుతుంది. 'ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను.' ఇక్కడ హీబ్రూ మూలంలో ఉన్న క్రియ 'బారా'. సృష్టించడం అనే అర్థంలో పాత నిబంధన అంతటా ఈ క్రియకు కర్త దేవుడొక్కడే. కుమ్మరికి గానీ కంసాలికి గానీ దాన్ని వాడలేదు. ఆ పక్కనే మామూలుగా 'చేయు' అనే అర్థంలో 'ఆసా' ఉంది. కుమ్మరి మట్టిని మలిచే పనికి వాడే 'యాత్సర్' ఉంది. రెండో అధ్యాయంలో మనిషిని మట్టితో చేసిన చోట వచ్చేది ఈ యాత్సరే. మన అనువాదకులు అక్కడ 'నేలమంటితో నరుని నిర్మించి' అన్నారు, 'సృజించి' అనలేదు. తేడా పట్టుకున్నారన్నమాట. ఇన్నేళ్లుగా ఆ పుస్తకం చదివినవారి చెవికి 'సృజించు' దేవుడి మాటగా స్థిరపడిపోవడంలో వింత లేదు.

అయితే విశ్వాసులందరూ, అన్ని భాషల్లోనూ, ఇలాగే గీత గీసుకున్నారా అంటే, లేదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆ మొదటి వాక్యాన్ని గ్రీకులోకి తెచ్చినవారు 'చేశాడు' అనే అతి మామూలు క్రియ వాడారు. ఆ క్రియ నుంచి వచ్చిన నామమే 'పోయెటెస్', అంటే చేసేవాడు. గ్రీకులో కవికీ అదే పేరు. 325లో క్రైస్తవ బిషప్పులు కూడిన నైసియా సభ ప్రకటించిన విశ్వాస ప్రమాణంలో దేవుణ్ణి సమస్తానికీ కర్త అని చెప్పిన చోట ఉన్నది ఈ మాటే. మన 'కర్త' కూడా సరిగ్గా ఇలాంటిదే కదా! సృష్టికర్తలో ఉంది, గ్రంథకర్తలోనూ ఉంది. గ్రంథకర్త అన్నప్పుడు ఎవరి మనసూ నొచ్చుకోదు.

గీత గట్టిగా పడింది లాటిన్‌లో. దేవుడు తప్ప ఎవరూ సృష్టించలేరని 13వ శతాబ్దపు క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ వాదించాడు. ఏమీ లేని చోట నుంచి ఉనికిని తేవడమే ఆయన లెక్కలో సృష్టి. చిత్రకారుడికి రంగు కావాలి, శిల్పికి రాయి కావాలి, కాబట్టి వాళ్లది సృష్టి కాదు. మరి ఈ గీత చెరిపినదెవరు? దేవుణ్ణి నమ్మనివారు అనుకుంటాం. కానీ ఆ మాటను కవికి ఇచ్చిన తొలివారిలో ఒకరు 17వ శతాబ్దపు పోలండ్ కవి సర్బియెవ్‌స్కీ. ఆయన జెస్యూట్ అనే కాథలిక్ సన్యాస సంఘానికి చెందిన గురువు! కవి దేవుడిలాగే కొత్తగా సృష్టిస్తాడని లాటిన్‌లోనే రాశాడు. అదే పోలండ్ నుంచి వచ్చిన పోపు రెండవ జాన్ పాల్ 1999లో కళాకారులకు ఒక లేఖ రాస్తూ, తన మాతృభాషలోని రెండు మాటలు చూపించారు. దేవుడు 'స్త్వూర్త్సా', కళాకారుడు 'త్వూర్త్సా'. ధ్వనిలో దగ్గరి చుట్టాలు, అర్థంలో వేరు. శూన్యం నుంచి తెచ్చేవాడు మొదటివాడు, ఉన్నదానికి రూపం ఇచ్చేవాడు రెండోవాడు. ఇంత తేలిగ్గా ఆ తేడా చూపగల జంట మనకు లేదు.

ఉన్నదేమిటో చూద్దాం. సృష్టికి ధాతువు 'సృజ్'. వదలడం, వెలువరించడం దాని అసలు అర్థం. విసర్జన, విసర్గ, కావ్యాల్లోని సర్గ, ఇవన్నీ ఆ ఇంటివే. శూన్యం నుంచి తేవడం అనే భావం ఆ ధాతువులో లేదు, లోపలున్నదాన్ని బయటికి వదలడమే ఉంది. ధాతువును బట్టి చూస్తే ఈ మాట కళాకారుడికి బాగానే అతుకుతుంది. (విసర్జన లాగే 'సర్జన' అనాలి తప్ప 'సృజన' సంస్కృత వ్యాకరణానికి నిలవదని పండితులంటారు. నిజమే. కానీ తెలుగువారు దాన్ని సొంతం చేసుకున్నారు, ఇక దిద్దనక్కర్లేదు.) ఇంకో జాగ్రత్త. 'సృష్టించు' వద్దన్నారని 'కల్పించు' పెట్టకండి. 'కల్పించి చెప్పాడు' అంటే ఈ రోజు అబద్ధం ఆడాడనే.

అదే 'కల్పించు' బైబిల్లో ఎంత గౌరవంగా ఉందో నిర్గమకాండం 31వ అధ్యాయంలో చూడండి. ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం పనికి బెసలేలు అనే పనివాణ్ణి దేవుడు పేరు పెట్టి పిలిచిన సందర్భం. 'విచిత్రమైన పనులను కల్పించుటకును' అని మొదలై, బంగారం, వెండి, ఇత్తడి పనులు చెప్పి, రత్నాలు పొదగడం, సానబెట్టడం, కర్ర కోసి చెక్కడం దాకా వెళుతుంది. వీటికోసం 'జ్ఞానవిద్యావివేకములు' ఇచ్చి, దేవుని ఆత్మతో అతన్ని నింపానని ఉంది. పేరు చెప్పి దేవుని ఆత్మతో నిండాడని బైబిలు మొదట అన్నది ప్రవక్తను కాదు, రాజును కాదు, ఈ పనివాణ్ణి. ఆ వాక్యంలో అతనికి 'సృజించు' దక్కలేదు. దక్కినవి పొదుగు, సానబెట్టు, చెక్కు. చేతివేళ్లు కనిపించే క్రియలు. 'గీసినవారు' అంటే చిన్నబోతామంటున్న మీ చిత్రకారులకు నేను ఈ వాక్యం చదివి వినిపిస్తాను.

ఆ క్రియల్లో ఇంకొకటి కలపండి, 'రాయు'. పాత తెలుగులో బొమ్మను కూడా 'వ్రాసేవారు', చిత్తరువు వ్రాయడం అనేవారు. 'చిత్రలేఖనం'లో ఉన్నది లేఖనమే. సంస్కృతంలో 'లిఖ్' ధాతువుకు గీయడం, రాయడం రెండూ అర్థాలే. క్రైస్తవులు పవిత్ర గ్రంథాన్ని 'లేఖనాలు' అంటారు. గ్రీకులోనూ ఇంతే. 'గ్రాఫేన్' అంటే రాయడం, బొమ్మ గీయడం కూడా. అందుకే తూర్పు సంప్రదాయ (ఆర్థడాక్స్) సంఘాల వాళ్లలో చాలామంది తమ పవిత్ర చిత్రమైన ఐకాన్‌ను 'గీశాం' అనరు, 'రాశాం' అంటారు. బొమ్మా వాక్యమూ ఒకే క్రియలో కలిసే ఇలాంటి చోటు దొరకడం నాకు ఎంతో సంతోషం.

కాబట్టి కార్డుల మీద పని పేరే రాయండి. రంగుల చిత్రానికి 'గీసినవారు', ఐకాన్ ఉంటే 'రాసినవారు', కొయ్యబొమ్మకు 'చెక్కినవారు'. ఎగ్జిబిషన్ ముందుమాటలో మాత్రం 'ఈ కళాకారుల సృష్టి' అని రాయాలనిపిస్తే నిస్సంకోచంగా రాయండి. అక్కడ అది తప్పు కాదని పాస్టరుగారికి నా మాటగా చెప్పండి. చిత్రకారులకు జర్మన్ సంగీతకర్త బాఖ్ సంగతి చెప్పండి. చర్చి కోసం రాసిన ఎన్నో సంగీత కృతుల చివర ఆయన మూడు అక్షరాలు వేసేవాడు, ఎస్.డి.జి. 'మహిమ దేవునికి మాత్రమే' అనే లాటిన్ మాటకు పొడి అక్షరాలవి. వారిలో ఎవరికైనా తమ చిత్రం మూలన అలాంటిదొకటి వేసుకోవాలనిపిస్తే, 'దేవునికే మహిమ' తెలుగులో చక్కగా ఇముడుతుంది.