టెక్ సందేహాలు: స్లొవాక్‌లో 2 కిలోమీటర్లు వేరు, 5 కిలోమీటర్లు వేరు

ప్రశ్న: దగ్గర్లోని ఈవీ చార్జింగ్ స్టేషన్లు చూపించే ఆండ్రాయిడ్ యాప్ చేశాను. స్లొవేకియా క్లయింట్ కోసం ‘5 కిలోమీటర్స్ అవే’ అన్న మాటను ఆన్‌లైన్ ట్రాన్స్‌లేటర్‌లో మార్చి, అంకె ఉన్నచోట ఖాళీ వదిలాను. 5కి బాగానే ఉంది కానీ 2కీ, ఒకటిన్నరకీ తప్పు అంటున్నారు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ట్రాన్స్‌లేటర్ తప్పేమీ లేదండీ. మీరు 5 అని అడిగారు, అది 5కి తగిన రూపమే ఇచ్చింది. స్లొవాక్‌లో 1 అయితే కిలొమెతెర్, 2 నుంచి 4 వరకు కిలొమెత్రె, 5 నుంచి పైకి కిలొమెత్రౌ. సున్నాకీ కిలొమెత్రౌ అనే అంటారు. 1.5 లాంటి దశాంశం వస్తే కిలొమెత్ర. కాబట్టి ఒకే వాక్యంలో ఖాళీ వదిలి అంకె దూర్చడం అక్కడ కుదరదు.

ఆండ్రాయిడ్‌లో దీనికోసమే, అంకెను బట్టి తగిన వాక్యాన్ని ఎంచుకునే ‘ప్లూరల్స్’ ఏర్పాటు ఉంది. యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ (ఒక్కో భాష పద్ధతులను నమోదు చేసిన డేటా) నియమాల ప్రకారం స్లొవాక్‌కు వన్, ఫ్యూ, మెనీ, అదర్ అని నాలుగు గదులు. అందరూ బోల్తా పడేది మెనీ దగ్గరే. పేరు చూసి 5, 10, 100 అందులోకి వస్తాయనుకుంటాం. అవన్నీ అదర్‌లోకి పోతాయి, మెనీ దశాంశాలకు మాత్రమే. ఇలాంటి పేరు పెట్టినవాళ్లను ఏమనాలో నాకైతే తెలియడం లేదు! పోలిష్ ఫైలు చేతిలో ఉంటే దాన్నే కాపీ కొట్టేద్దాం అనుకోకండి. పోలిష్‌లో 22 ఫ్యూ కిందకి వస్తుంది, స్లొవాక్‌లో అదర్ కిందకి.

ఇంకో చిక్కు ఉంది. ఆండ్రాయిడ్‌లో ఈ ప్లూరల్స్‌ను పిలిచే మామూలు ఫంక్షన్ పూర్ణాంకాన్నే తీసుకుంటుంది. 1.5 ఇవ్వడానికి వీలుండదు కాబట్టి మీరు రాసిన మెనీ ఎప్పటికీ తెర మీదకు రాదు. దశాంశాలు చూపించాలంటే అదే పనిని దశాంశాలకూ చేసే ఐసీయూ లైబ్రరీలోని మెసేజ్‌ఫార్మాట్ వాడండి, ఆండ్రాయిడ్ 7 నుంచి సిస్టమ్‌లోనే ఉంది. అంకెను కూడా స్లొవాక్ లొకేల్‌తోనే (భాష, ప్రాంతం సెట్టింగ్) ఫార్మాట్ చేయించండి. అక్కడ చుక్క బదులు కామా, అంటే 1,5 అని రాస్తారు.

‘అవే’ని ఎలా చెప్పారన్నదీ చూడాలి. ‘ఇక్కడి నుంచి’ అనే అర్థమిచ్చే ఒత్యాల్‌తొ పెడితే పైన చెప్పిన రూపాలే. ‘దూరంలో’ అనే పద్ధతిలో రాస్తే 2కి కూడా కిలొమెత్రౌ అనే వస్తుంది. మనం ‘2 కిలోమీటర్లు’ అన్నదాన్ని ‘2 కిలోమీటర్ల దూరంలో’ అని మార్చినట్టే. అందుకే ముక్కలు అతికించకుండా, నాలుగు గదులకూ నాలుగు పూర్తి వాక్యాలు రాయించుకోండి.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే వాక్యమే తీసేసి, అంకె పక్కన కి.మీ. గుర్తు పెట్టేయండి. ఆ గుర్తు ఏ అంకె పక్కనా మారదు. చార్జింగ్ కోసం వెతుక్కునే డ్రైవర్‌కు అది చాలు. మీ యాప్‌కు నేనైతే ఇదే చేస్తాను. వాయిస్ సూచనలు ఉంటే మాత్రం తప్పదు, నాలుగూ రాయాల్సిందే.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చిన మా అబ్బాయి ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ దూరాలన్నీ మైళ్లలో చెబుతోంది. మార్చడం ఎలా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మ్యాప్స్ సెట్టింగ్స్‌లో ‘డిస్టెన్స్ యూనిట్స్’ అని ఉంటుంది. అక్కడ కిలోమీటర్స్ ఎంచుకోమనండి.