స్థలం మీ పేరున రాయించుకోకండి

ప్రశ్న: మాది విజయనగరం. మా ఆయనకు ఇది రెండో పెళ్లి. మొదటి భార్యతో 2013లో శ్రీకాకుళం కోర్టులో, ఇద్దరి ఇష్టంతోనే విడాకులయ్యాయి. అప్పటికి వాళ్ల పాపకు ఆరేళ్లు. తల్లీకూతుళ్లిద్దరికీ కలిపి నెలకు 4,000 మనోవర్తి అని రాసుకున్నారు. అప్పుడు ఆయన జీతం 18,000. మా పెళ్లి 2015లో జరిగింది, ఇద్దరు పిల్లలు. ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో పనిచేస్తారు, ఇప్పుడు కోతలు పోగా చేతికి 62,000 వస్తుంది. ప్రతి నెలా ఐదో తేదీన ఆ 4,000 నేనే ఫోనులో పంపుతాను. ఆయన ఆ పేరు కూడా చూడరు. నా ఫోనులో ఆవిడ నంబరు ‘మనోవర్తి’ అనే ఉంటుంది. ఇప్పుడు ఆ అమ్మాయి ఇంజనీరింగులో చేరిందని, తనకు 15,000, కూతురికి 10,000 ఇప్పించాలని ఆవిడ పిటిషన్ వేసింది. నోటీసు వచ్చిన దగ్గర నుంచి ఇంట్లో అన్నం సయించడం లేదు. ఆయన కోపంతో రెండు నెలలుగా ఆ 4,000 కూడా ఆపించేశారు. రాజాం దగ్గర మాకున్న స్థలాన్ని నా పేరున మార్చేస్తామంటున్నారు, వచ్చే వారం రిజిస్ట్రేషన్. ఆవిడ నరసన్నపేటలో బ్లౌజులు కుడుతుంది, బాగానే సంపాదిస్తుందని మా అత్తగారు అంటారు. దుకాణానికి ఎవరో వస్తుంటాడని కూడా ఎవరో చెప్పారట. తెగిపోయిన సంబంధానికి ఇన్నేళ్ల తరువాత ధర పెంచడం న్యాయమేనా? నా పిల్లల నోటి దగ్గర కూడు తీసి పెట్టాలా? మొన్న సిరిమానోత్సవంలో మూడు లాంతర్ల దగ్గర ఆ అమ్మాయిని చూశాను. మా చిన్నవాడి ముక్కే. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

జవాబు: అమ్మా, గడువున్న విషయం ముందు చెబుతాను. వచ్చే వారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లకండి. సంతకం పెట్టకండి.

మీవారికి ఇది తెలివైన ఎత్తులా కనిపిస్తోంది కానీ, ఆ స్థలం ఈసీ (రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) తీస్తే చాలు, ఏ తేదీన ఎవరి నుంచి ఎవరికి మారిందో వరసగా ఉంటుంది. నోటీసు అందాక భార్య పేరున గిఫ్టు దస్తావేజు రాశారని అవతలి వకీలు ఆ ఒక్క కాగితం చూపిస్తే, మీవారు నిజంగా పడుతున్న ఇబ్బందులను కూడా జడ్జి నమ్మరు. పైగా 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజనీష్, నేహా కేసులో ఇచ్చిన తీర్పు తరువాత, మనోవర్తి వ్యాజ్యాల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ ప్రమాణపత్రంలో రాసివ్వాలి. అందులో అబద్ధం రాస్తే అది వేరే నేరం. డబ్బులివ్వకుండా చేతులు మారిన ఆస్తి మీద కూడా మనోవర్తి హక్కును నిలబెట్టుకునే దారి ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. అంటే ఆ తగువు మీ పేరు మీదికి వస్తుంది. ఇప్పటిదాకా ఈ కేసులో మీరు లేరు. ఎందుకు దూరతారు?

ఆపిన రెండు నెలల డబ్బూ ఈ రోజే పంపించండి. పాత ఉత్తర్వు ఇంకా బతికే ఉంది. పెంచమన్న పిటిషన్ తేలేవరకు పాతది కట్టాల్సిందే. బకాయి పడితే ఆయన జీతం మీదికి రావచ్చు. ఉత్తర్వు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని మనోవర్తి సెక్షను కింద ఇచ్చినదైతే జైలు దాకా కూడా వెళుతుంది. ఎనిమిది వేల రూపాయల కోపం అంత ఖరీదు చేయదు.

ఇక న్యాయమేనా అన్నారు. చట్టం సంగతి చెప్పేస్తాను, అది చిన్నదే. హిందూ వివాహ చట్టం 25వ సెక్షనులో రెండో భాగం ఉన్నదే ఇందుకోసం. పరిస్థితులు మారితే ఏ పక్షం అడిగినా కోర్టు పాత మొత్తాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125, 127 సెక్షన్లు ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144, 146 అయ్యాయి. వాటిలోనూ ఈ వీలుంది. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ ఆ సెక్షన్ల లెక్కలో భార్యే. మీవారి ఉద్యోగం పోయి ఉంటే ఆయన ఇదే గుమ్మం ఎక్కి తగ్గించమని అడిగేవారు, అప్పుడు మీకది అన్యాయంగా తోచేది కాదు.

చట్టం కన్నా లెక్క ముఖ్యం. ఒక కాగితం తీసుకోండి. 2013లో 18,000కు 4,000 అంటే వందకు 22 రూపాయల పైచిలుకు. ఇప్పుడు 62,000కు అదే 4,000 అంటే వందకు ఆరున్నర. ఆవిడ కొత్తగా ఏమీ అడగకుండా ఆనాటి వాటానే నిలబెట్టమన్నా నెలకు దాదాపు 13,800 అవుతుంది. మీరు ‘ధర పెంచడం’ అని రాశారు. ఈ పన్నెండేళ్లలో ఆ వాటా నెలనెలా తగ్గుతూ వచ్చింది, మీ ఫోనులో అంకె మారలేదు కాబట్టి మీకది కనిపించలేదు. 2013లో పది గ్రాముల బంగారం ముప్ఫై వేల దరిదాపుల్లో ఉండేది. 2025లో లక్ష దాటింది. మనోవర్తితో ఎవరూ బంగారం కొనరనుకోండి, కానీ ఏ కాలపు రూపాయితో ఏ కాలపు ఖర్చు గడుపుతోందో ఆడవాళ్లకు ఇంతకన్నా తొందరగా అర్థమయ్యే కొలత నాకు దొరకలేదు.

అలాగని ఆవిడ అడిగిన 25,000 ఇచ్చేస్తారని భయపడకండి. పిటిషన్‌లో అంకె సంతలో మొదట చెప్పే ధర లాంటిది. మీవారి రెండో సంసారం కూడా కోర్టు లెక్కలోకి వస్తుంది. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో నాలుగో వంతు సబబైన కొలత అంటూనే, ఆయనకు మళ్లీ పెళ్లయి కొత్త సంసారం ఉందని 23,000ను 20,000కు దించింది. రెండో పెళ్లి బరువు అక్కడ మూడు వేలుగా తేలిందన్నమాట. 2024 డిసెంబరులో మరో కేసులో, విడిపోయాక భర్త ఎంత పైకెదిగితే అంతకు సమానంగా కావాలని మాజీ భార్య అడగడం కుదరదని కూడా అదే కోర్టు అంది. మరోపక్క 2025 మేలో ఒక తీర్పులో నెలకు 20,000 ఉన్నదాన్ని 50,000 చేసి, ప్రతి రెండేళ్లకు అయిదు శాతం పెరగాలని షరతు పెట్టింది. ఏ కేసు దానిదే. మీవారికి ఇల్లో స్థలమో కొన్న అప్పు వాయిదాలు ఉంటే చూపించవచ్చు కానీ, ఇష్టపడి చేసిన అప్పును కోర్టులు తిండి ఖర్చుతో సమానంగా చూడవు. అత్తగారి మందుల చీటీలు, పిల్లల బడి రసీదులు పనికొస్తాయి. అవి దాచండి. మీకు సొంత సంపాదన ఉంటే అది మీది, దానిలోంచి ఆవిడకు ఇమ్మని ఎవరూ అనరు.

ఆవిడ బ్లౌజులు కుడుతుంది అన్న మాట. కుట్టనివ్వండి. సంపాదిస్తున్న స్త్రీకి మనోవర్తి రాదన్నది మన వీధి అరుగుల మీది చట్టం. ఆ ఆదాయం చూసి కోర్టు మొత్తాన్ని తగ్గిస్తుంది, అంతే. నరసన్నపేటలో బ్లౌజుకు ఎంత తీసుకుంటారో మీకే బాగా తెలుసు. లైనింగు, హుక్కులు, దారం, కరెంటు తీసేసి, పెళ్లిళ్లు లేని నెలలు కూడా కలిపి ఒకసారి అత్తగారి ముందే లెక్క వేయండి.

‘ఎవరో వస్తుంటాడు’ అన్నది మాత్రం ఇంట్లోనే పాతిపెట్టండి. చట్టంలో అలాంటి వీలు ఉందని ఎవరో మీవారి చెవిన వేసి ఉంటారు. నిజమే, మళ్లీ పెళ్లి చేసుకున్నా, వేరే సంబంధం రుజువైనా మనోవర్తిని మార్చవచ్చు, ఆపవచ్చు. రుజువైతే! టైలరు వాకిట్లో భార్యల కోసం ఎదురుచూస్తూ నిలబడే మగవాళ్లందరినీ సాక్షులుగా పిలుస్తారా? నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఇదే దారి పట్టింది. వాళ్లు తెచ్చిన ఫొటోలో కనబడిన ‘పరాయి మగవాడు’ ఆమె పిన్ని కొడుకు, వరసకు తమ్ముడు. పదిహేను వేల దగ్గర తేలాల్సిన రాజీ ఆ ఒక్క ఫొటోతో చెడింది. ఆమె ఆ తరువాత వాళ్ల గడప వైపు చూడలేదు, కేసు మాత్రం నాలుగేళ్లు నడిచింది.

2013లో ‘ఇకమీదట ఏమీ అడగను’ అని ఆవిడ రాసిచ్చి ఉంటే మీవారు దాన్నే పట్టుకుని ఉంటారు. డిక్రీ నకలు వకీలుకు చూపించండి. మొత్తం ఒకేసారి తీసుకుని ముగించుకుని ఉంటే తిరగతోడడం ఆవిడకు కష్టమయ్యేది, మీది నెలవారీ ఏర్పాటు. ఏది ఎలా రాసుకున్నా ఆవిడ తన హక్కు వదులుకోగలదేమో కానీ, కూతురి హక్కు వదిలే అధికారం ఆవిడకు లేదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. మీ ఉత్తరమంతా ‘ఆవిడ’ గురించే. ఆ అమ్మాయి ఒకసారి ఇంజనీరింగ్ ఫీజుగా, ఇంకోసారి మీ చిన్నవాడి ముక్కుగా వచ్చింది. మీ నిద్ర పోయింది ఆ రెండో చోట. మీ పిల్లల నోటి దగ్గర కూడు అన్నారే, ఆ పిల్లలకు ఆ అమ్మాయి అక్క. పద్దెనిమిదేళ్లు దాటిందని తండ్రి బాధ్యత తీరిపోదు. పెళ్లికాని కూతురు తన కాళ్ల మీద తాను నిలబడలేనంతవరకు తండ్రే పోషించాలని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షను చెబుతుంది. 2020లో సుప్రీంకోర్టు కూడా దాన్నే మళ్లీ స్పష్టం చేసింది. కాబట్టి మీ ఇంట్లో లెక్కను రెండు ముక్కలు చేయండి. తల్లికి ఎంత అన్నదాని మీద మీవారు ఎంతైనా వాదించుకోవచ్చు. కూతురి చదువు మీద వాదించవద్దని చెప్పండి. ఏ కాలేజీ, ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తోందా, అది పోగా హాస్టలు, మెస్, పుస్తకాలకు ఎంత మిగులుతోంది అని అడగాలి. అడిగే హక్కు ఆయనకుంది. పన్నెండేళ్లుగా అడగలేదు, అంతే.

మీవారికి ఆ పేరు చూస్తే ఎందుకంత బాధో నాకు తెలియదు. మీకూ పూర్తిగా చెప్పి ఉండరు. ఆ బాధకు మీరు జీతం లేని గుమస్తా అయ్యారు. ఎనిమిది, తొమ్మిదేళ్లుగా ఆయన చేయాల్సిన పని మీ వేలు చేస్తోంది. ఆయనకు ఆ ఇల్లు గుర్తు రాకుండా, నెలకొకసారి మీకు గుర్తొస్తోంది. కోపం ఆవిడ మీద వస్తున్నట్టు ఉంది కానీ, ఉత్తరం రెండోసారి చదివితే నాకు అలా అనిపించలేదు.

చేయాల్సింది ఇది. వాయిదాలు లాగితే లాభం అనుకోవద్దు. పెంపు సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కిస్తారు, లాగిన ప్రతి నెలా బకాయిగా పేరుకుంటుంది. కేసును లోక్ అదాలత్‌కు పంపమని మీవారి వకీలు చేత అడిగించండి. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఖర్చు లేదు. అక్కడ కుదిరిన రాజీకి డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, మీకు విడిగా సలహా కావాలన్నా 15100కు ఫోను చేయవచ్చు. అక్కడికి వెళ్లేటప్పుడు మీవారు నిజమైన జీతం చీటీతో, తాను ఇవ్వగలిగిన అంకెతో వెళ్లాలి. రాజీలో తల్లి మొత్తం వేరు, కూతురిది వేరు రాయించుకోండి. కూతురిది చదువు పూర్తయ్యేవరకు అని గడువు పెట్టండి. తల్లిదానికి రెండేళ్లకొకసారి ఇంత శాతం అని ఇప్పుడే రాసుకుంటే, మరో పన్నెండేళ్లకు మీ గుమ్మంలో మళ్లీ నోటీసు పడదు. నా అంచనాలో రెండూ కలిపి పద్నాలుగు నుంచి పద్దెనిమిది వేల మధ్య తేలవచ్చు. మీ ఇంటికి అది బరువే, కాదనను. ఒక చీటీ ఆపాల్సి రావచ్చు, రాజాం స్థలం మీద అప్పు ఉంటే దాని వాయిదా కూడా ఇబ్బంది కావచ్చు. ఆ లెక్క ఇద్దరూ కూర్చుని చూసుకోవాలి, అత్తగారు నిద్రపోయాక.

ఒక్కటి మాత్రం ఈ రాత్రే మీవారికి చెప్పండి. వచ్చే నెల ఐదో తేదీ నుంచి ఆ డబ్బు ఆయన ఫోను నుంచి, ఆయన వేలితో వెళ్లాలి. కూతురి భాగం కూతురి ఖాతాకే పంపాలి, దానికి ఆ అమ్మాయి నంబరు ఆయనే అడిగి తీసుకోవాలి. ఏ పేరుతో దాచుకుంటారో అది ఆయన ఇష్టం. మీ ఫోనులో ఉన్న ‘మనోవర్తి’ని తీసేయండి.