బూట్లకు తాళం వేసిన తండ్రికి

గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేసే ఒక తండ్రి ఇలా రాశారు: "మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. టెన్త్‌లో ఉండగా వంద మీటర్ల పరుగులో జిల్లా పోటీలకు వెళ్లాడు. ముంబైలో జరిగిన రగ్బీ లీగ్ టీవీలో చూసినప్పటి నుంచి ఇంటర్నేషనల్ రగ్బీ సెవెన్స్ ప్లేయర్ అవుతానంటున్నాడు. ఇంటర్ మానేసి అకాడమీలో చేరతానని పట్టుబట్టాడు. కోపం వచ్చి వాడి బూట్లు బీరువాలో పెట్టి తాళం వేశాను. పది రోజులుగా నాతో మాటల్లేవు. రగ్బీ, బీటెక్ రెండూ పోల్చి ఏది మేలో చెప్పండి."

అయ్యా, ఇలాంటి ఉత్తరం నాకు కొత్త కాదు. ఆట పేరు మాత్రం మారుతూ ఉంటుంది. ఒకసారి క్రికెట్, ఒకసారి బ్యాడ్మింటన్, ఇప్పుడు రగ్బీ. మీరు అడిగింది పోలిక. మీ గుండెల్లో ఉన్న ప్రశ్న వేరు: "వీడు ఎటూ కాకుండా పోతాడా?" ముందు దానికే జవాబు చెబుతాను. పోడు. పదహారేళ్ల పిల్లవాడు, పొద్దున్నే లేచి పరుగెత్తే అలవాటున్నవాడు, తనకు ఏం కావాలో నోరు తెరిచి ఇంట్లో చెప్పగలిగినవాడు ఎటూ కాకుండా పోడు. ఇంటర్ మధ్యలో ఆపేస్తే మాత్రం దారి ఇరుకవుతుంది. అందుకే ఆ ఒక్క విషయంలో నేను మీ పక్షం. మిగతా వాటిలో మీ అబ్బాయి పక్షం.

ఆట గురించి మీరు ఏమీ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. రగ్బీ అంటే కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తి ఎదుటి జట్టు గీత దాటించే ఆట. సెవెన్స్ అంటే జట్టుకు ఏడుగురే. సగానికి ఏడు నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. మైదానం మాత్రం పదిహేను మంది ఆడే రగ్బీకి ఉన్నంత పెద్దదే. అందుకే వేగం ఉన్నవాడికి ఇది మంచి ఆట. ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు ఆడాల్సి వస్తుంది కాబట్టి ఒక్కసారి వేగంగా పరుగెత్తితే చాలదు, మళ్లీ మళ్లీ పరుగెత్తగలగాలి. మన వైపు కబడ్డీ ఆడిన పిల్లలకు ఎదుటివాణ్ణి పట్టి పడేయడం త్వరగానే వస్తుంది.

ఇప్పుడు ఆ లీగ్ సంగతి. దాని మీద నాకు చాలా సందేహాలున్నాయి, దాచను. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఆరు జట్లు, వాటిలో హైదరాబాద్ పేరుతోనూ ఒకటుంది. ఆ ఏడాది చెన్నై జట్టు గెలిచింది. ఆట బాగుంది, నేనూ చూశాను. కానీ మొత్తం కలిపి రెండు వారాలు! జట్లలో సగానికి పైగా విదేశీ ఆటగాళ్లే. భారతీయులకు దక్కిన చోట్లు కొద్ది. వాటికి కూడా అప్పటికే దేశం తరఫున ఆడినవాళ్లు, సైనిక దళాల జట్టు సర్వీసెస్‌లోనూ పెద్ద రాష్ట్ర జట్లలోనూ ఏళ్ల తరబడి కష్టపడినవాళ్లు పోటీలో ఉంటారు. రెండు వారాలు ఆడితే మిగతా యాభై వారాలు ఇల్లు ఎలా గడుస్తుంది? ఈ లెక్క మీ అబ్బాయి వేసుకోలేదు. వాడి తప్పు కాదు, టీవీలో ఆ యాభై వారాలు చూపించరు.

"ఇంటర్నేషనల్" అన్న మాట గురించీ నిజం చెప్పాలి. మన దేశం ఇంతవరకు ఒలింపిక్స్ సెవెన్స్‌లో ఆడలేదు. ఏటా దేశదేశాలు తిరుగుతూ జరిగే ప్రపంచ సిరీస్ పై అంచెలో మన పురుషుల జట్టు లేదు. ఆసియాలోనే హాంకాంగ్, జపాన్ లాంటివి ముందున్నాయి. హాంకాంగ్ 2018లోనూ, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లోనూ బంగారం గెలుచుకుంది. 2026 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల నుంచి ఈ ఆటనే తీసేశారు. ఆట బాగా పాతుకున్న దేశాల్లో కూడా భరోసా తక్కువే. 2020లో కోవిడ్ సమయంలో ఇంగ్లండ్ రగ్బీ సంఘం తన సెవెన్స్ ఆటగాళ్ల కాంట్రాక్టులన్నీ రద్దు చేసింది. ప్రపంచ సిరీస్‌లో అందరికంటే ఎక్కువ ట్రైలు (గీత దాటి బంతిని నేలకు ఆనించి పాయింట్లు తేవడం) చేసిన డాన్ నార్టన్ కూడా ఆ జట్టువాడే. అంతటివాడికే జీతం ఆగిపోయింది. ఇక ఫిజీ కథ వేరు. 2016 రియోలో సెవెన్స్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన మొదటిసారే ఫైనల్లో బ్రిటన్‌ను 43-7తో ఓడించి, ఆ దేశ చరిత్రలోనే మొదటి ఒలింపిక్ పతకం తెచ్చారు. అక్కడ ప్రతి ఊళ్లో పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆడే ఆట అది. మనకు ఆ వాతావరణం ఇంకా లేదు.

ఇదంతా చదివి "చూశావా, నేను చెప్పలేదూ" అని అబ్బాయి ముందు ఈ కాగితం పెట్టకండి. మిమ్మల్నీ కాస్త మందలించాలి. ఒక్క రోజైనా బీఆర్ స్టేడియానికి వెళ్లి వాడు పరుగెత్తడం చూశారా? ఉత్తరం మొత్తంలో ఆ మాట లేదు. బంధువులు ఏమంటున్నారో మాత్రం వెనక పేజీలో సగం వరకు రాశారు. మీ బావమరిది గారి అబ్బాయి బీటెక్ చేసి బెంగళూరులో ఉన్నాడని రాశారు, సంతోషం. ఆ లెక్కతో మీ బిడ్డను కొలవకండి. బూట్లకు తాళం వేస్తే వాడి కోరిక ఆగదు, మీకు చెప్పడం ఆగిపోతుంది. ఆ పదిరోజుల మౌనం నన్ను రగ్బీ కంటే ఎక్కువ భయపెడుతోంది.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను: రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరమే ఇప్పుడు లేదు. ఈఏపీసెట్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, అది రాయనివ్వండి. ఆటా ఆడనివ్వండి. సెవెన్స్‌లోకి ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. అమెరికాకు చెందిన కార్లిన్ ఐల్స్ పరుగు పందేలు వదిలి 2012లో రగ్బీకి వచ్చేసరికి వయసు 22. తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. అదే దేశం నుంచి 2024 పారిస్‌లో కంచు గెలిచిన మహిళల జట్టులోని ఇలోనా మాహెర్ నర్సింగ్ డిగ్రీ చదివింది. మీ వాడికి ఈ రెండేళ్లలో కావలసింది పరుగు, ఒంట్లో బలం, నిద్ర, రెండు పూటలా కడుపు నిండా తిండి. అకాడమీ ఇప్పుడే అక్కర్లేదు.

డిగ్రీ అయినా, ఇంజినీరింగ్ అయినా, గ్రౌండ్ ఉన్న కాలేజీ చూడండి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో రగ్బీ ఉంది, ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడల్లోనూ ఆడించారు. 2020లో కేంద్ర ప్రభుత్వం క్రీడా కోటా జాబితాను 43 ఆటల నుంచి 63కు పెంచినప్పుడు రగ్బీని చేర్చింది. అంటే కేంద్ర కొలువుల్లో దీనికీ విలువ ఉంది. డిగ్రీ తర్వాత బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) చేస్తే వ్యాయామ ఉపాధ్యాయుడి దారి కూడా ఉంటుంది. వాటిలో చాలా వరకు ఇంటర్ ఫెయిలైనవాడికి రావు. ఈ మాట మీరు చెబితే వాడు వినడు. నా దగ్గరికి తీసుకురండి, నేను చెబుతాను.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెబుతున్నాను. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, మాట తడబడినా ఆ రోజు మళ్లీ గ్రౌండ్‌లోకి దిగకూడదు, కోచ్ ఎంత చెప్పినా సరే. డాక్టరు ఒప్పుకున్నాకే మళ్లీ ఆట. రెండోది డబ్బు. "నేపాల్లో టోర్నమెంట్, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఇస్తాం, ఇంత కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే కట్టకండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి తండ్రి అలా అప్పు చేసి పంపించాడు. ఆ కాగితం ఏ ఉద్యోగానికీ పనికి రాలేదు. దేశం తరఫున ఆడటానికి దారి ఒకటే: గుర్తింపు ఉన్న రాష్ట్ర సంఘం జట్టు, అక్కడి నుంచి జాతీయ పోటీలు, ఆ తర్వాత జాతీయ సంఘమైన రగ్బీ ఇండియా సెలెక్షన్. డబ్బు కడితే దొరికే దగ్గరిదారి ఏదీ లేదు.

ముందు ఆ తాళం తీసి బూట్లు వాడి చేతికివ్వండి. ఏమీ మాట్లాడక్కర్లేదు. రేపు పొద్దున్నే వాడితో పాటు స్టేడియానికి వెళ్లి, ఒక పక్కన కూర్చుని చూడండి. శనివారం సాయంత్రం ఇద్దరూ విజయవాడ రండి. పరుగు పందెం సర్టిఫికెట్లు ఒరిజినల్స్ తెచ్చుకోండి, జిరాక్స్‌లు వద్దు.