స్పా ఫారంలో సంతకం పెట్టాను, వీపు కాలింది. కేసు నిలుస్తుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది తెనాలి. పోయిన నెల మా ఆడపడుచు పెళ్లి బట్టల కోసం విజయవాడ వెళ్లాం. మర్నాడు తెల్లవారుజామున దుర్గమ్మ దర్శనం చేసుకుందామని బందరు రోడ్డులో ఒక హోటల్లో రాత్రికి గది తీసుకున్నాం. బీసెంట్ రోడ్డంతా తిరిగి కాళ్లు పీకేస్తున్నాయి. మావారు పిల్లల్ని భవానీ ద్వీపం తీసుకెళ్తే, ఆ ఖాళీలో నేను హోటల్లోని స్పాకి వెళ్లాను. మొదటిసారి. నిజం చెప్పాలంటే నూనె మర్దన చాలా బాగుంది, మధ్యలో నిద్ర కూడా పట్టింది. చివర్లో వేడి మూలికల మూటతో వీపుకి కాపడం పెట్టారు. "బాగా కాలుతోందమ్మా" అంటే "అలాగే ఉండాలి మేడం, నొప్పి లాగేస్తుంది" అంది ఆ అమ్మాయి. రాత్రికి రెండు చోట్ల బొబ్బలు తేలాయి. తెనాలిలో చర్మ డాక్టరుకి, మందులకి కలిపి 1,850 అయింది. నాకు షుగర్ ఉంది. స్పా వాళ్లు ఇచ్చిన ఇంగ్లీషు ఫారంలో ఆరోగ్యం గురించిన గడులు ఖాళీగానే వదిలేసి, చూపించిన చోట సంతకం పెట్టాను. ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదని అందులో ఉందట. రెండు సిట్టింగ్‌ల ప్యాకేజీ 4,000, సర్వీస్ ఛార్జ్ 400, జీఎస్టీ 18 శాతం, మొత్తం 5,192 కట్టాను. రెండో సిట్టింగ్ డబ్బు వెనక్కి ఇమ్మంటే ఇవ్వరట, వస్తే ఫేషియల్ ఉచితంగా చేస్తామని వాట్సాప్ పెట్టారు. మావారేమో "సంతకం పెట్టాక ఏం చేస్తాం, అయినా స్పా పేరుతో కోర్టుకెక్కితే నలుగురూ ఏమనుకుంటారు" అంటున్నారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీవారి రెండో మాట ముందు తేల్చేద్దాం. చాలామంది అక్కడే ఆగిపోయి, న్యాయంగా రావాల్సింది కూడా వదిలేసుకుంటారు. డబ్బు కట్టి, బిల్లు తీసుకుని మసాజ్ చేయించుకోవడం ఏ చట్టం కిందా నేరం కాదు. పేపర్లో "స్పాపై దాడి" అని వచ్చే వార్తలు 1956 నాటి చట్టానికి సంబంధించినవి, అదే మనవాళ్లు పీటా అనేది. అది వ్యభిచారం నడిపే వాళ్ల మీద పెట్టిన చట్టం. ఆ చట్టం కింద వారంటు లేకుండా సోదాకి వచ్చినా పోలీసుల వెంట కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి, ఆడవాళ్లని మహిళా పోలీసులే ప్రశ్నించాలి. ఇదంతా చెప్పింది మీవారి టెన్షన్ తగ్గడానికే, మీ కేసుకి దీనితో ఏ సంబంధమూ లేదు. మీది వినియోగదారుల వివాదం. మిక్సీ పాడైతే షాపువాణ్ని నిలదీసినట్టే దీన్నీ నిలదీయవచ్చు.

ఇక సంతకం. ఆ ఫారంలో నిజానికి రెండు కాగితాలు ఒకటిగా కలిసి ఉంటాయి. ఒకటి హోటలు తన కోసం రాసుకున్నది: "మాకు బాధ్యత లేదు". రెండోది మీ ఆరోగ్యం గురించి మీరు చెప్పాల్సింది: బీపీ, షుగర్, గర్భం, ఆపరేషన్లు, అలర్జీలు. అందరూ మొదటిదాన్ని చూసి భయపడతారు, రెండోదాన్ని పట్టించుకోరు. కోర్టులో మాత్రం రెండోదే బరువు తూగుతుంది.

మొదటి సగానికి ఎంత విలువో సుప్రీంకోర్టు ఒక హోటలు కేసులోనే చెప్పింది. 1998లో ఢిల్లీ తాజ్ మహల్ హోటల్‌కి వచ్చిన ఒకాయన తన మారుతీ జెన్ కారు తాళం అక్కడి సిబ్బందికిచ్చి లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి కారు లేదు. చేతిలో ఉన్న పార్కింగ్ చీటీ మీద మాత్రం "కారు యజమాని సొంత పూచీ" అని అచ్చేసి ఉంది. కేసు ఇన్సూరెన్స్ కంపెనీ దాకా, అక్కడి నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2019 నవంబరులో తీర్పు వచ్చింది. హోటలు తన నిర్లక్ష్యానికీ, తన సిబ్బంది నిర్లక్ష్యానికీ ఇలాంటి చీటీ చాటున దాక్కోలేదనీ, అప్పగించిన వస్తువు ఏమైందో చెప్పుకోవాల్సింది ముందు హోటలేననీ కోర్టు అంది. అది కారు సంగతి, మీది వీపు సంగతి. అప్పగించిన వస్తువు విషయంలో హోటలు మీద పడిన రుజువు భారం ఒంటికి తగిలిన గాయానికి అచ్చంగా అలాగే వర్తించదు, నిర్లక్ష్యాన్ని మీరే చూపించాలి. అయితే సంతకం తీసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ కాదన్న సూత్రం మీకూ పనికొస్తుంది. కారుకే దక్కిన రక్షణ మనిషి ఒంటికి దక్కదని ఏ లాయరూ మొహమాటం లేకుండా వాదించలేడు.

నిర్లక్ష్యాన్ని చూపించడానికి మీ దగ్గర మంచి వాక్యమే ఉంది: "అలాగే ఉండాలి మేడం". కాపడం పెట్టేవాళ్లు ఎవరైనా ముందు మూటని తమ ముంజేతికి ఆనించి చూసుకుంటారు. మన ఇళ్లల్లో అమ్మమ్మలు ఇసుక మూట కాపడం పెట్టేటప్పుడు చేసే పని అదే. కాలుతోందని కస్టమర్ నోరు తెరిచి చెప్పాక కూడా ఆపకపోవడం సేవా లోపం కాకపోతే మరేమిటి? 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవా లోపం అంటే, ఇస్తామన్న సేవ నాణ్యతలో గానీ, చేసే తీరులో గానీ ఉండే తప్పు, కొరత. నిర్లక్ష్యం వల్ల వినియోగదారుకి జరిగిన నష్టం కూడా అందులోకే వస్తుంది.

రెండో సగం దగ్గర మీకు కొంచెం ఇబ్బంది ఉంది, దాచను. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లకి వేడి సరిగా తెలియకపోవచ్చు, కాలిన గాయం మానడమూ ఆలస్యమే. హోటలు లాయరు మొదట పట్టుకునేది ఇదే: "ఆమె షుగర్ సంగతి దాచింది, గాయానికి సగం కారణం ఆమే". "షుగర్ లేదు" అని టిక్కు పెట్టి సంతకం చేసి ఉంటే, నష్టపరిహారంలో కోత తప్పదని నేనే చెప్పేవాణ్ని. మీరు ఖాళీ వదిలేశారు. ఖాళీ వేరు, అబద్ధం వేరు. ఖాళీ గడులున్న ఫారం చేతికొచ్చినప్పుడు "షుగర్, బీపీ ఏమైనా ఉన్నాయా మేడం" అని అడగాల్సింది వాళ్లు. అడగకుండా సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం వేలితో చూపించారంటే, ఆ ఫారం మీ క్షేమం కోసం కాదని వాళ్లే రుజువు చేసుకున్నట్టు. పైగా మీకు వేడి తెలిసింది, తెలిసి చెప్పారు కూడా. కాబట్టి షుగర్ వల్లే తెలియలేదన్న వాదన మీ విషయంలో అతకదు. హోటలుకి పంపే నోటీసులో షుగర్ సంగతి దాచకుండా మీరే రాసేయండి. మనం చెప్తే అది వాస్తవం, వాళ్లు బయటపెడితే రహస్యం.

ఆ ఫారం కాపీ ఇమ్మని వెంటనే రాతపూర్వకంగా అడగండి, మెయిల్ చాలు. ఇస్తే ఖాళీ గడులు మీకు సాక్ష్యం. ఇవ్వకపోతే ఇవ్వలేదన్నదే సాక్ష్యం. కానీ కాపీ వచ్చాక ఆ గడులు ఎవరైనా నింపారేమో ఒకసారి చూసుకోండి. రాత మీదో కాదో మీకు తెలిసిపోతుంది. డాక్టరు చీటీలో "కాలిన గాయం" అని ఉందా, లేక ఉత్త ఆయింట్‌మెంట్ పేరే ఉందా? పేరే ఉంటే మళ్లీ వెళ్లి గాయం ఎలాంటిదో, ఎప్పుడు చూశారో రాయించుకోండి. వీపు ఫొటోలు తీసి ఉంటే ఆ ఫోన్‌లోనే ఉంచండి, అసలు ఫైలు చెరపొద్దు. ఫొటోలు, వాట్సాప్ చాట్ ప్రింట్లు వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ఒక ధ్రువపత్రం జతచేయడం మంచిది. ఫలానా ఫోన్‌లోంచి తీశానని మీరే రాసి ఇచ్చేది ఒక భాగం, దాన్ని పరిశీలించిన నిపుణుడు సంతకం చేసేది ఇంకో భాగం.

బిల్లు సంగతి గాయం కంటే తేలిక. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్లు, హెల్త్ క్లబ్బులు, స్పాల వంటి సౌందర్య, శరీర సౌఖ్య సేవల మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. మీరు పోయిన నెల వెళ్లారు కాబట్టి మీకు 5 శాతమే పడాలి. 4,000 మీద 200. వాళ్లు 792 వేశారు. సర్వీస్ ఛార్జ్ మీద జాగ్రత్తగా మాట్లాడాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాలు హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ ఛార్జ్‌ని దానంతటదే బిల్లులో కలపకూడదన్నాయి, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది కూడా. అయితే ఆ మార్గదర్శకాల్లోని మాట "ఆహారం బిల్లు". స్పా బిల్లుకి అక్షరాలా వర్తించదని వాళ్లు అడ్డం తిరగొచ్చు. అందుకని మీరు ఆ కాగితం ఒక్కదాన్నే నమ్ముకోకండి. ధరల పట్టికలో 4,000 అని చూపించి, చివర్లో అడక్కుండా 400 కలపడం అనుచిత వ్యాపార పద్ధతి అని విడిగా రాయండి. రెండూ తీసేస్తే మీ బిల్లు 4,200. అంటే 992 ఎక్కువ కట్టారు. ఈ లెక్క గుమాస్తాకి కూడా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, అందుకే నోటీసులో ఇది ముందు పెట్టండి.

రెండో సిట్టింగ్ డబ్బు తిరిగివ్వం అన్న షరతు విషయంలో ఒక చిక్కు ఉంది. "ఈ షరతే అన్యాయమైన ఒప్పందం, రద్దు చేయండి" అని అడిగితే ఆ కేసు వినే అధికారం జిల్లా కమిషన్‌కి లేదు, రాష్ట్ర కమిషన్‌కే ఉంది. నాలుగు వేల రూపాయల గొడవకి అంత దూరం దేనికి? "సేవ లోపభూయిష్టంగా ఉంది, మిగిలిన సేవ నాకు వద్దు, డబ్బు వాపసు ఇవ్వాలి" అని అడగండి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకపోతే 30 రోజుల్లోగా లోపమున్న సేవకి డబ్బు వాపసు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. అలా రాస్తే జిల్లా కమిషన్‌లోనే తేలుతుంది.

దారి ఇది. ముందు హోటలు మేనేజరు పేరిట స్పీడ్ పోస్టులో ఒక పేజీ నోటీసు, 15 రోజుల గడువు. తెలుగులో రాసినా ఫరవాలేదు. బదులు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అది కోర్టు కాదు, ఆదేశాలు ఇవ్వలేదు, కానీ పేరున్న హోటళ్లు చాలాసార్లు అక్కడే దిగొస్తాయి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. హోటలు విజయవాడలో ఉందని మీరు అక్కడికి తిరగనక్కర్లేదు, ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. మీరు గుంటూరు కమిషన్‌లో వేసుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచి కూడా దాఖలు చేయొచ్చు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. (మా వృత్తివాళ్లు ఈ వాక్యం చదివి నన్ను తిట్టుకుంటారు, అది వేరే సంగతి.) రెండేళ్ల లోపు వేయాలి. కమిషన్ పంపే నోటీసు అందాక హోటలు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు పెంచవచ్చు, అంతకు మించి వీల్లేదని సుప్రీంకోర్టు 2020లోనే తేల్చింది.

ఎంత అడగాలి? ఎక్కువ కట్టిన 992, రెండో సిట్టింగ్‌కి 2,000, దాని మీద అసలు పడాల్సిన 5 శాతం పన్ను 100, డాక్టరుకి, మందులకి 1,850, ఆపైన బాధకీ తిరుగుడికీ కొంత. ఈ చివరిది మీ ఇష్టం, కానీ లక్షలు రాయకండి. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సెలూన్‌లో జుట్టు మరీ పొట్టిగా కత్తిరించారని ఒకామె వేసిన కేసులో జాతీయ కమిషన్ 2021లో 2 కోట్లు ఇప్పించింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, సేవా లోపం ఉందన్న నిర్ణయం జోలికి పోకుండానే, అంత మొత్తానికి ఆధారాలేవని అడిగి ఆ పరిహారాన్ని పక్కన పెట్టి కేసు వెనక్కి పంపింది. పేపర్లో చదివిన 2 కోట్లు మనసులో పెట్టుకుని వచ్చే క్లయింట్లకి ఈ రెండో సగం కూడా చెప్పాల్సి వస్తోంది. మీ బొబ్బలు మచ్చ లేకుండా మానితే నా అంచనా నిరాడంబరంగానే ఉంటుంది. మచ్చ మిగిలితే డాక్టరు చేత రాయించి, అప్పుడు పెంచండి.

ఉచిత ఫేషియల్ విషయానికి వస్తే, ఆ వాట్సాప్ మెసేజ్‌ని భద్రంగా ఉంచండి. ఏమీ జరగకపోతే ఎవరూ ఉత్తినే ఫేషియల్ ఇవ్వరు. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, మర్దన బాగుందని మీరే రాశారు కదా. కానీ అక్కడ మళ్లీ ఒక కాగితం ముందు పెడతారు. అందులో "ఇంతటితో అన్ని ఫిర్యాదులూ పరిష్కారమయ్యాయి" అన్న అర్థంలో ఏ వాక్యమున్నా సంతకం చేయకండి, చేస్తే పైన చెప్పిందంతా వృథా. అది కొట్టేయించి, "పాత ఫిర్యాదు అలాగే ఉంది" అని మీ చేత్తో తెలుగులో రాసి, ఫోన్‌లో ఫొటో తీసుకుని లోపలికి వెళ్లండి. ఈసారి షుగర్ గడిలో "ఉంది" అని రాయండి, కాపడం వద్దని చెప్పండి.