అట్లాంటాలో మధ్యాహ్న భోజనం: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

అట్లాంటాలో తోటి ఉద్యోగులతో కలిసి మధ్యాహ్నం పూట దగ్గరలోని అమెరికా దక్షిణాది పల్లె వంటల హోటలుకు వెళ్తున్నావని, ఏమి అడగాలో తోచక ప్రతిసారీ వేయించిన చికెన్‌తోనే సరిపెట్టుకుంటున్నావని రాశావు. ఆ చికెన్ మంచిదే. అయితే అటువంటి హోటలులో వండేవారి చేతి నేర్పు కూరగాయలలోనే తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

అక్కడ 'మీట్ అండ్ త్రీ' అన్నది ఒక మాంసం, మూడు కూరలు, పక్కన మొక్కజొన్న రొట్టెతో వచ్చే భోజనం. వంటకాలు చాలాచోట్ల రోజును బట్టి మారతాయి కనుక ముందుగా ఆనాటి పట్టిక చదువు. మెకరోనీ చీజ్ కూడా కూరల వరుసలోనే కనిపిస్తుంది. దానికోసం ఒక కూరను వదులుకోవద్దని నా సలహా. మాంసం వద్దనుకున్న రోజున నాలుగు కూరల పళ్లెం ఇవ్వమని అడగవచ్చు, అది అక్కడ మామూలే.

నీవు గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టవు కనుక ఒక విషయం శ్రద్ధగా గుర్తుంచుకో. 'చికెన్ ఫ్రైడ్ స్టేక్' పేరులో చికెన్ ఉన్నా అది పిండిలో ముంచి వేయించిన గొడ్డుమాంసం. ఆకుకూరలను, చిక్కుళ్లను, అలసందలను పొగబెట్టిన పందికాలి ముక్కతోనో బేకన్‌తోనో ఉడికించడం ఆ వంటలో పాత పద్ధతి. అక్కడ బిస్కెట్లనే మెత్తని చిన్న రొట్టెలపై పోసే తెల్లని గ్రేవీలో పంది సాసేజ్ ఉండవచ్చు. ఈ రోజుల్లో కొందరు పందికి బదులు పొగబెట్టిన టర్కీ కోడి మాంసం వేస్తున్నారు. కాబట్టి పళ్లెం తీసుకునే ముందే మర్యాదగా అడుగు, ఎవరూ తప్పుపట్టరు.

అడిగి తెలుసుకున్నాక కొలార్డ్ ఆకుకూర, అలసందలు, మొక్కజొన్న పిండి అద్ది వేయించిన బెండకాయలు తీసుకో. బల్లమీద ఉండే మిరపకాయలు నానిన వెనిగర్‌ను ఆకుకూరపై కొద్దిగా చల్లితే మన నాలుకకు కావలసిన పులుపూ కారమూ అందుతాయి. ఆకులు ఉడికిన నీటిని పారబోయనివ్వకు, రొట్టె ముక్కను అందులో ముంచుకుని తిను. 1945 నుంచి నడుస్తున్న మేరీ మాక్స్ టీ రూమ్ అనే అట్లాంటా హోటలులో ఆ రసాన్ని విడిగా గిన్నెలో ఇస్తారు. బెండ, అలసందలు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడిన మనుషులతోపాటు ఆ నేలకు చేరాయి. వారి సంతతి వంటవారే ఈ రుచిని నిలబెట్టారు. 1947లో లూసీ జాక్సన్ తెరిచిన బిజీ బీ కెఫేకు ఒకసారి తప్పక వెళ్లు, ఆ చరిత్ర నీకు పళ్లెంలోనే తెలుస్తుంది.

పన్నెండింటికి రద్దీ పెరుగుతుంది, మంచి కూరలు ముందే అయిపోతాయి, పదకొండున్నరకే చేరుకో. చికెన్‌ను అడిగాక వేయిస్తామంటే ఓపికగా కూర్చో, ఆ ఆలస్యం మంచికే. చల్లని టీ అడిగితే చక్కెరతోనే వస్తుంది, అది చాలా తియ్యన, కనుక సగం తీపిలేనిది కలపమని చెప్పు. వడ్డించినవారికి నూటికి ఇరవై వంతున టిప్ ఇవ్వు. కడుపులో చోటుంటే పీచ్ కాబ్లర్ తీసుకో, అది పీచ్ పండ్లపై పిండి పరచి కాల్చిన తీపి వంటకం.

ఈ వారం ఏ మూడు కూరలు ఎంచుకున్నావో నాకు రాయి.

ఇట్లు,
నీ మేనమామ