సమాధానం: యార్క్ వంశం హక్కు తల్లి వైపు నుంచి వచ్చింది

ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ (పెరిగి పెద్దయిన కొడుకుల లెక్కలో) నాలుగో కొడుకు వంశమైన యార్క్‌కి, మూడో కొడుకు వంశమైన లాంకాస్టర్ కంటే సింహాసనంపై ఎక్కువ హక్కు ఎలా వచ్చిందని అడిగారు కదా. మీరు తండ్రి వైపే చూస్తున్నారండి, చిక్కంతా అక్కడే. రెండో కొడుకు లయొనెల్‌కి ఒక్కతే కూతురు, ఫిలిప్పా. ఆమె కొడుకు రోజర్ మోర్టిమర్, అతని కూతురు ఆన్. ఆ ఆన్ కొడుకే యార్క్ డ్యూక్ రిచర్డ్.

1399లో పెద్ద కొడుకు వంశపు రాజు రెండో రిచర్డ్‌ని దించి లాంకాస్టర్ వంశపు నాలుగో హెన్రీ గద్దెనెక్కినప్పుడు మోర్టిమర్ వారసుడు, అంటే ఆన్ తమ్ముడు, ఏడేళ్ల పిల్లాడు, పాపం. అతని తరఫున ఎవరు నిలబడతారు? నా దృష్టిలో ఈ రెండు వంశాల మధ్య తర్వాతి గొడవలకి బీజం అదే. 1460లో పార్లమెంటు రాజీ చేసింది: లాంకాస్టర్ వంశపు ఆరో హెన్రీ బతికున్నంతకాలం అతనే రాజు, ఆ తర్వాత యార్క్ డ్యూక్ రిచర్డ్. అదే ఏడాది డిసెంబర్‌లో వేక్‌ఫీల్డ్ యుద్ధంలో రిచర్డ్ చనిపోయాడు. 1461లో అతని కొడుకు నాలుగో ఎడ్వర్డ్ రాజయ్యాడు.

మీ వంశవృక్షంలో ఆన్ పేరు చేర్చి చూడండి, లెక్క సరిపోతుంది.